స్పానిష్‌లో ఎచింగ్, ఎన్‌గ్రేవింగ్ పదాలు: రాగిరేకు నుంచి కాగితం దాకా సమగ్ర మార్గదర్శి

మాడ్రిడ్‌లోనో హవానాలోనో మెక్సికోలోని వహాకలోనో ఒక ప్రింట్‌మేకింగ్ (రేకు, కర్ర, రాయి మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళ) వర్క్‌షాపులో కొన్ని వారాలు గడపాలనుకునేవారికి మామూలు స్పానిష్ పాఠాలు సగం దారి వరకే తోడొస్తాయి. వీధిలో ఒక అర్థం ఉన్న మాటకి వర్క్‌షాపులో ఇంకో అర్థం ఉంటుంది. "ప్లాంచ" అంటే ఇంట్లో ఇస్త్రీపెట్టె, ఇక్కడ రాగిరేకు. "మున్యేక" అంటే పిల్లలకు బొమ్మ, ఇక్కడ రేకు మీద వార్నిష్ అద్దే గుడ్డ మూట. "తాకొ" అంటే మెక్సికోలో తినేది, ఇక్కడ చెక్కడానికి సిద్ధం చేసిన కర్రదిమ్మ. అక్షరక్రమంలో జాబితా బట్టీపడితే ఇవి గుర్తుండవు. రేకు మీద ఏ పని తర్వాత ఏ పని జరుగుతుందో ఆ వరుసలో నేర్చుకుంటే గుర్తుంటాయి. ఈ మార్గదర్శి నడిచేది ఆ వరుసలోనే. రేకుని పనిముట్టుతో నేరుగా చెక్కితే ఎన్‌గ్రేవింగ్, గీతలను యాసిడ్‌తో తినిపిస్తే ఎచింగ్.

ముందు నోరు తిరగాలి

ఇక్కడ తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. స్పానిష్‌లోని త, ద మన త, ద లే. ఇంగ్లిష్ అలవాటుతో "టింటా", "గ్రబాడో" అనేస్తారు గానీ అవి "తీంత", "గ్రబాదొ". పదాలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి ఆ ఒరవడీ మనకు కొత్త కాదు. ఈ వ్యాసంలో స్పానిష్ మాటల్లో దీర్ఘం ఉన్నచోట ఊనిక ఉందని గుర్తు. చివరి "ఒ", "ఎ" హ్రస్వాలే, సాగదీయకండి.

మూడు చిక్కులున్నాయి. హెచ్ అక్షరం రాస్తారు గానీ పలకరు. ఇనుముకి మాట "యేర్రొ", కానీ సీసా మీది లేబుల్‌లో అది హెచ్‌తో మొదలవుతుంది, వెతికేటప్పుడు మర్చిపోకండి. వి, బి రెండూ "బ"గానే వినిపిస్తాయి. స్పెయిన్‌లో ఎక్కువచోట్ల జెడ్ అక్షరాన్నీ, ఇ, ఐ ముందు వచ్చే సి అక్షరాన్నీ నాలుక కొస పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. లాటిన్ అమెరికాలో అది నేరుగా "స". ఇక్కడ లాటిన్ అమెరికా పలుకుబడే రాశాం: "బర్నీస్", "ఆసిదొ".

మొదటి అడుగు: లోహం మాటలు వేరు, కాగితం మాటలు వేరు

కొత్తవారు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. స్పానిష్ వాళ్లు చెక్కిన వస్తువునీ, దాంతో అచ్చైన కాగితాన్నీ గట్టిగా విడదీసి మాట్లాడతారు.

లోహం వైపు మాటలు: "మత్రీస్" అంటే అచ్చు తీయడానికి వాడే మూలఫలకం, అది రాగి కావచ్చు, కర్ర కావచ్చు, రాయి కావచ్చు. రేకునైతే స్పెయిన్‌లో "ప్లాంచ" లేదా "లామిన" అంటారు, మెక్సికోలో "ప్లాక". చెక్కే క్రియ "గ్రబార్".

కాగితం వైపు మాటలు: అచ్చైన కాగితం "ఎస్తాంప". అచ్చు తీయడం "ఎస్తంపార్", ఆ పని పేరు "ఎస్తంపసియోన్". పుస్తకాలు, పత్రికలు అచ్చువేయడానికి "ఇంప్రిమీర్" అనే వేరే మాట ఉంది. ఎచింగ్ ప్రెస్ చూపించి "ఇంప్రెసోర" అంటే నవ్వుతారు, అది కంప్యూటర్ పక్కన పెట్టుకునే ప్రింటర్.

"గ్రబాదొ" మాత్రం రెండు వైపులా తిరుగుతుంది. కళ పేరూ అదే, మాటల్లో ఒక్కోసారి అచ్చైన కాగితాన్నీ అదే అంటారు. కానీ "గ్రబసియోన్" అనకండి, అది పాటలు, మాటలు రికార్డు చేయడం. "గ్రబార్" క్రియకి రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికితే సగం ఫలితాలు మైక్రోఫోన్ల గురించే వస్తాయి. పక్కన "కోబ్రె" (రాగి) గానీ "తోర్కులొ" (ఎచింగ్ ప్రెస్) గానీ చేర్చి వెతకండి.

రెండో అడుగు: 1799 నాటి ఒక్క వాక్యం

1799 ఫిబ్రవరిలో మాడ్రిడ్ పత్రికలో స్పానిష్ చిత్రకారుడు గోయ తన "కప్రీచోస్" అమ్మకానికి ప్రకటన ఇచ్చాడు. 80 ఎస్తాంపల సంపుటి, వెల 320 రెయాలెస్ (అప్పటి స్పెయిన్ నాణేలు), దొరికే చోటు దెసెంగాన్యొ వీధి 1వ నంబరు, అత్తర్లు, మద్యం అమ్మే దుకాణం. అందులో తన పనిని వర్ణించిన తీరు వ్యాకరణ పాఠంలా ఉంటుంది: "ఎస్తాంపస్... ఇన్బెంతాదస్ ఇ గ్రబాదస్ అల్ అగ్వఫ్వేర్తె". ఎస్తాంపలు, తానే ఊహించి గీసినవి, తానే ఎచింగ్ చేసినవి. బొమ్మ ఊహించేది ఒకరు, రేకు చెక్కేది మరొకరు కావడం మామూలైన కాలంలో రెండూ తానేనని చెప్పడానికే ఆ రెండు మాటలు.

ఇక్కడి నుంచి ఒక సూత్రం పట్టుకోవచ్చు. "అ" (కలిసి "అల్", "అ ల") పద్ధతిని చెబుతుంది: "అల్ అగ్వఫ్వేర్తె", "అ బురీల్", "అ ల పూంత సేక" (చివరి రెండూ నాలుగో అడుగులో). "ఎన్" పదార్థాన్ని చెబుతుంది: "గ్రబాదొ ఎన్ కోబ్రె", "ఎన్ మదేర" (కర్ర). "సోబ్రె" కింద ఉన్న ఆధారాన్ని చెబుతుంది: "సోబ్రె పపేల్". మ్యూజియం లేబుళ్లలో ఎక్కువ భాగం ఈ మూడింటితోనే చదివేయొచ్చు.

ఆ సంపుటి రేకులను గోయ 1803లో రాజుకి అప్పగించాడు, బదులుగా కొడుక్కి పింఛను. అవి ఇప్పుడు అల్కలా వీధిలోని సాన్ ఫెర్నాందొ అకాడమీకి చెందిన కల్కొగ్రఫీయ నసియొనాల్‌లో ఉన్నాయి. 1789లో రాజ సంస్థగా మొదలైన ఆ చోటి పేరే ఒక పాఠం: "కల్కొగ్రఫీయ" అంటే లోహపు రేకుల మీద చేసే ఇంటాలియో (గీతల గుంటల్లో సిరా నింపి అచ్చు తీసే) పని మొత్తం. ఆ సిరా "తీంత కల్కొగ్రాఫిక". దుకాణంలో ఊరికే "తీంత" అంటే రాసుకునే సిరా చేతికిస్తారు.

మూడో అడుగు: రేకు సిద్ధం చేయడం

అంచులు 45 డిగ్రీలకు దగ్గరగా వాలుగా అరగదీయాలి, ఆ వాలు "బిసేల్", ఆ పని "బిసెలార్". ఆకురాయికి మాట "లీమ" (మెక్సికోలో నిమ్మజాతి పండు కూడా లీమే, కంగారుపడకండి). బిసేల్ సరిగా లేకపోతే ప్రెస్ ఒత్తిడికి రేకు అంచు కాగితాన్ని కోస్తుంది, ఫెల్ట్ దుప్పట్లూ పాడవుతాయి. అందుకే చాలా వర్క్‌షాపుల్లో అంచు వేలితో తడిమి చూశాకే ప్రెస్ దగ్గరికి రానిస్తారు.

నున్నగా చేయడం "పులీర్". గీతల్ని గీకి తీసే మూడంచుల పనిముట్టు "రస్కదోర్", ఆపైన రుద్ది మెరుగుపెట్టేది "బ్రున్యిదోర్". జిడ్డు తీయడం "దెసెంగ్రసార్". దానికి వాడే మెత్తని సుద్దపొడి "బ్లాంకొ దె ఎస్పాన్య", అంటే స్పెయిన్ తెలుపు. కొంచెం అమ్మోనియా నీళ్లతోనో వెనిగర్ ("బినాగ్రె") తోనో ముద్దచేసి రుద్దుతారు. కడిగాక నీళ్లు రేకంతా ఒకే పొరలా నిలిస్తే జిడ్డు పోయినట్టు. ముత్యాల్లా విడిపోతే మళ్లీ రుద్దాలి, లేకపోతే ఆ చోట వార్నిష్ లేచిపోతుంది. అలా లేచిపోవడాన్ని "సె లెబాంత ఎల్ బర్నీస్" అంటారు. ఈ వాక్యం మీరు తప్పక వింటారు.

నాలుగో అడుగు: యాసిడ్ లేని గీతలు

"బురీల్" అంటే రాగిని నేరుగా కోసే బ్యూరిన్ అనే ఉలి. ఆ పద్ధతికి పాత పేరు "తాయ దూల్సె", మాటకు మాట చూస్తే తీయని చెక్కుడు. "పూంత సేక" అంటే డ్రైపాయింట్. సూది గీరినచోట గీత పక్కన లేచే లోహపు నూగు "రెబాబ". మెత్తటి నల్లదనం ఇచ్చేది ఆ రెబాబే. ప్రెస్ ఒత్తిడికి అది త్వరగా అణిగిపోతుంది కాబట్టి పూంత సేక రేకు నుంచి మంచి ప్రతులు కొన్నే వస్తాయి. ఎక్కువ కావాలంటే రాగి మీద విద్యుత్తుతో పల్చటి ఇనుప పొర ఎక్కిస్తారు, ఆ పని "అసెరార్". మెజోటింట్‌కి (రేకంతా ముందే గరుకుచేసి, వెలుగు కావలసినచోట నున్నచేసే పద్ధతి) "మనేర నేగ్ర" లేదా "మెసొతీంత". 1761లో మాడ్రిడ్‌లో అచ్చైన మనుయేల్ దె ర్వేద చేతిపుస్తకం దాన్ని "అల్ ఊమొ" అంటుంది, అంటే పొగ పద్ధతి. ఆ కాలపు పుస్తకాల్లో "గ్రబార్" మధ్యక్షరం వి గా కనిపిస్తుంది, అచ్చుతప్పు అనుకోవద్దు.

ఐదో అడుగు: యాసిడ్, ప్రాణం మీదికి తెచ్చే మాటలు

ఇక్కడ నిదానించాలి. "అగ్వఫ్వేర్తె" ఎచింగ్ పేరు. విడదీస్తే "బలమైన నీళ్లు", అది నైట్రిక్ యాసిడ్ పాత పేరు. కానీ ఇవాళ స్పెయిన్ సూపర్ మార్కెట్‌లో "అగ్వ ఫ్వేర్తె" అని రాసిన సీసాలో ఉండేది బాత్రూములు కడిగే హైడ్రోక్లోరిక్ యాసిడ్. దానికే ఇంకో పేరు "సల్ఫుమాన్". ఎచింగ్ కోసమని దాన్ని తెస్తే పని జరగదు సరికదా, పక్కనే ఉన్న "లెహీయ" (బ్లీచ్, మెక్సికోలో "క్లోరొ") కలిసిందంటే విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది. నైట్రిక్ కావాలంటే "ఆసిదొ నీత్రికొ" అని పూర్తి పేరు చెప్పండి. ఇలాంటి ఇంకో మాట "అగ్వర్రాస్". పేరులో నీళ్లున్నా అది టర్పెంటైన్, నిప్పు తగిలితే భగ్గుమంటుంది.

కొనే చోటు పేర్లు కూడా తికమకే. స్పెయిన్‌లో "ద్రొగెరీయ" అంటే శుభ్రపరిచే సరుకులు, రంగులు అమ్మే కొట్టు, కొలంబియాలో అది మందుల షాపు. మెక్సికోలో రంగులు, ఇనుప సామాను దొరికేది "త్లపలెరీయ".

యాసిడ్ తగలకుండా రేకు మీద పూసే పూత, అంటే గ్రౌండ్, "బర్నీస్". పాత గట్టి బర్నీస్‌కి ఒక లెక్క: 2 పాళ్లు తేనెమైనం ("సేర దె అబేహ"), 2 పాళ్లు ఆస్ఫాల్టం ("బెతూన్ దె హుదేయ"), 1 పాలు రోజిన్ అనే చెట్టు బంక ("కొలొఫోన్య"). దానిలో కొవ్వు ("సేబొ") కలిపితే "బర్నీస్ బ్లాందొ", మెత్తని గ్రౌండ్. వేసవిలో కొవ్వు తక్కువ, చలికాలంలో ఎక్కువ. వీపు వైపు, అంచులు, తిననివ్వకూడని భాగాలు కప్పి ఉంచడం "రెసెర్బార్".

యాసిడ్ లోహాన్ని తినడాన్ని "మొర్దేర్" అంటారు, అంటే కరవడం. ఆ పని "మొర్దీద", కరిచే ద్రావణం "మొర్ద్యేంతె", తొట్టి "కుబేత". జింకుకి నైట్రిక్ అయితే సుమారు 1 పాలు యాసిడ్‌కి 8 నుంచి 10 పాళ్ల నీళ్లు. కలిపే వరుస గోడ మీద రాసి ఉంటుంది: "సియేంప్రె ఎల్ ఆసిదొ సోబ్రె ఎల్ ఆగ్వ", ఎప్పుడూ నీళ్లలోకే యాసిడ్, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. గీతల మీద చేరే బుడగల్ని ఈకతో ("ప్లూమ") తుడవాలి, లేకపోతే గీత తెగిపోతుంది.

రాగికి "పెర్క్లొరూరొ దె యేర్రొ", ఫెర్రిక్ క్లోరైడ్. పొగ రాదు, కానీ గీతల్లో మడ్డి పేరుకుంటుంది. అందుకే రేకుని బోర్లించో నిలబెట్టో ఉంచుతారు: "బోక అబాహొ" అంటే బోర్లా. "గ్వాంతెస్" (చేతి తొడుగులు), "గాఫస్" (కళ్లద్దాలు), "కంపాన ఎస్త్రక్తోర" (పొగ లాగే యంత్రం), ఈ మూడూ మొదటి రోజే నేర్చుకోండి.

ఆరో అడుగు: ఆక్వాటింట్

"అగ్వతీంత" గీతల పని కాదు, మచ్చల పని. రోజిన్ పొడి రేకు మీద రాలి, వేడికి అతుక్కుంటుంది. ఆ గింజల మధ్య ఖాళీల్లోనే యాసిడ్ కరుస్తుంది. రోజిన్‌ని స్పెయిన్‌లో "రెసీన", "కొలొఫోన్య" అంటారు, మెక్సికోలో "బ్రేయ". స్పెయిన్‌లో "బ్రేయ" అంటే తారు కాబట్టి దేశం మారితే మాట మార్చాలి. పొడి చల్లే పెట్టె "కాహ దె రెసీనస్". ఆ పొడి గాలిలో ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలదు, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు, "మస్కరీయ" (ముసుగు) తప్పనిసరి.

బూడిద రంగు మెట్ల కోసం ముక్క రేకు మీద "ఎస్కాల దె త్యేంపొస్" తీస్తారు: 15 సెకన్లు, 30 సెకన్లు, 1 నిమిషం, 2, 4, 8, ప్రతిసారీ రెట్టింపు. ఒక మెట్టు అయ్యాక ఆ భాగాన్ని వార్నిష్‌తో కప్పి తర్వాతి మెట్టుకి వెళ్లడం. ఎక్కువసేపు ఉంచితే గింజలు కూలిపోయి, సిరా నిలవని చదునైన మచ్చ మిగులుతుంది. దాని పేరు "కాల్బ", అంటే బట్టతల. పేరు పెట్టినవాడెవడో గానీ చూసి పెట్టాడు, నల్లగా ఉండాల్సిన చోట మధ్యలో తెల్లగా మెరుస్తుంది. చక్కెర ద్రావణంతో బ్రష్‌గీతలు వేసే పద్ధతి "అల్ అసూకర్".

ఏడో అడుగు: సిరా, కాగితం, ప్రెస్

సిరా పట్టించడం "ఎంతింతార్". రేకుని గోరువెచ్చగా చేసి, సిరాని గీతల్లోకి నెట్టి, గంజి పెట్టిన పల్చటి వలగుడ్డ "తర్లతాన"తో గుండ్రంగా తుడుస్తారు. మూడు గుడ్డలు పెట్టుకోండి: బాగా మురికిది, కొంచెం మురికిది, శుభ్రమైనది. చివర్న అరచేతితో తుడవడం "అ పాల్మ". ఉపరితలం మీద కావాలని వదిలే పల్చటి సిరా తెర "బేలొ", దాన్ని వదిలే పద్ధతి "ఎంత్రపాదొ". సిరా బిరుసుగా ఉంటే కొన్ని చుక్కల అవిసె నూనె ("అసేయ్తె దె లినాస"), జారుగా ఉంటే మెగ్నీషియం కార్బొనేట్. గీత అంచులు కాగితం మీద పాకుతున్నాయంటే నూనె ఎక్కువైందని అర్థం.

కాగితం చదరపు మీటరు బరువును చెప్పే మాట "గ్రమాహె". ఇంటాలియోకి చదరపు మీటరుకి 250 నుంచి 300 గ్రాముల నూలు కాగితం ("పపేల్ దె అల్గొదోన్") వాడుక. చింపినట్టుండే సహజమైన అంచు "బార్బ", అంటే గడ్డం. వెలుగుకి పట్టి చూస్తే కనిపించే గుర్తు "ఫిలిగ్రాన". గీతలు కనిపించే కాగితం "బెర్హురాదొ". నానబెట్టిన కాగితాన్ని అద్దుడు కాగితం ("సెకాంతె") మధ్య ఒత్తి తేమగా ఉంచాలి. వినిపించే ఆదేశం: "ఊమెదొ, నొ మొహాదొ", తేమగా, తడిగా కాదు. తడి మెరుస్తుంటే కాగితం సిరాని వెనక్కి తోసేస్తుంది, తెల్ల మచ్చలు పడతాయి. ఎండిపోతే సన్న గీతలు ఎక్కవు.

ఎచింగ్ ప్రెస్ "తోర్కులొ". కదిలే బల్ల "ప్లెతీన", ఫెల్ట్ దుప్పట్లు "ఫ్యేల్త్రొస్", ఒత్తిడి "ప్రెస్యోన్". ప్రెస్ దాటాక కాగితం మీద రేకు అంచు ముద్రించే గుంట "వేయ", అంటే అడుగుజాడ. మ్యూజియం లేబుల్‌లో "వేయ" అని ఇచ్చిన కొలత రేకుదే, కాగితానిది కాదు, మిల్లీమీటర్లలో ముందు ఎత్తు, తర్వాత వెడల్పు. అచ్చు కొనేటప్పుడు ఈ రెండూ కలిపేసుకుని ఫ్రేము తప్పు కొలతకి చేయించేవారు తక్కువేం కాదు.

ఎనిమిదో అడుగు: అచ్చు కింద పెన్సిల్ రాత

ప్రయోగంగా తీసే ప్రతి "ప్ర్వేబ". రేకు ఒక్కో మార్పు తర్వాత ఉన్న స్థితి "ఎస్తాదొ", అప్పటి ప్రతి "ప్ర్వేబ దె ఎస్తాదొ". కళాకారుడి సొంత ప్రతి "ప్ర్వేబ దె అర్తీస్త", పి, ఎ అక్షరాలతో రాస్తారు, మామూలుగా మొత్తం సంఖ్యలో పదో వంతుకి మించవు. మొత్తం ప్రతుల సంఖ్య స్పెయిన్‌లో "తిరాద", మెక్సికోలో "తిరాహె". 12/50 అంటే యాభైలో పన్నెండోది. మూలమైన "తిరార్" క్రియకి మామూలు అర్థం విసరడం. తిరాద పూర్తయ్యాక రేకు మీద అడ్డగీతలు గీసి పాడుచేయడం "కన్సెలార్".

పాత స్పానిష్ అచ్చుల అడుగున "లొ దిబుహో" (ఇతను గీశాడు), "లొ గ్రబో" (ఇతను చెక్కాడు) అని రెండు పేర్లు కనిపిస్తాయి. ఎడమపక్క పేరు చూసి చెక్కినవాడు అనుకోవద్దు, సాధారణంగా ఎడమ గీసినవాడిది, కుడి చెక్కినవాడిది.

తొమ్మిదో అడుగు: కర్ర, రాయి, తెర

కర్ర అచ్చు "సిలొగ్రఫీయ", పాత మాట "ఎంతయదూర". కర్రను ఉబ్బెత్తుగా ఉంచి చెక్కే అన్ని పద్ధతులకీ "గ్రబాదొ ఎన్ రెల్యేబె". నార వెంబడి కోసిన దిమ్మ "అ ఫీబ్ర", అడ్డంగా కోసినది "అ కొంత్రఫీబ్ర". లోపలి వంపు ఉన్న ఉలి "గూబ్య". 1937లో మెక్సికోలో పుట్టిన తయేర్ దె గ్రాఫిక పొపులార్ అనే కళాకారుల బృందం పోస్టర్లను ఎక్కువగా లినోలియం మీద చెక్కింది, దానికి మాట "లినోలెయొ". ఒకే దిమ్మను రంగు రంగుకీ తరిగేస్తూ పోవడం స్పెయిన్‌లో "ప్లాంచ పెర్దీద", మెక్సికోలో "ప్లాక పెర్దీద". పోయిన రేకు! వెనక్కి వెళ్లే దారి ఉండదు, ముందే అన్ని ప్రతులూ తీసుకోవాలి. అతికించిన ముక్కలతో చేసే "కొలొగ్రఫీయ"కి క్యూబా కళాకారిణి బేల్కిస్ అయోన్ (1967–1999) పని చూడండి. క్యూబాలో ఆ పద్ధతి ఎంత లోతుకి వెళ్లిందో తెలుస్తుంది.

"రస్కేత" అనే మాట దగ్గర జాగ్రత్త. రాగి పనిలో అది గీకుడు కత్తి. లిథోగ్రఫీ ప్రెస్‌లో రాయి మీద ఒత్తే కర్రపట్టీ. తెర గుండా సిరా దింపే సిల్క్‌స్క్రీన్‌లో సిరా లాగే రబ్బరు. మెక్సికోలో ఈ చివరిది "రసేరొ". తెర వల "మాయ", దాని సాంద్రతను సెంటీమీటరుకి ఇన్ని పోగులు ("ఈలొస్") అని చెబుతారు. అంగుళం లెక్కకి అలవాటుపడ్డవారు 2.54తో గుణించాలి, 77 ఈలొస్ అంటే అంగుళానికి సుమారు 195.

ఇంకో మాట, తెలుగువారికి దగ్గరిది. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి (1925–2018) పారిస్‌లోని అతెల్యే 17 అనే ప్రింట్‌మేకింగ్ వర్క్‌షాపులో ఒకే రేకుతో పలు రంగులు ఒకేసారి తీసే పద్ధతిని పెంచినవారిలో ముఖ్యుడు. స్పానిష్‌లో దాన్ని "బిస్కొసిదాద్" (చిక్కదనం) అనే మాటతో పిలుస్తారు. నూనె ఎక్కువున్న సిరాని గట్టి రోలర్ ("రొదీయొ దూరొ") పైభాగాలకి పూస్తుంది. తర్వాత బిరుసు సిరాతో మెత్తటి రోలర్ ("రొదీయొ బ్లాందొ") పల్లాల్లోకి దిగుతుంది. నూనె సిరా ఉన్నచోట రెండోది అంటదు. వరుస తప్పితే రెండు రంగులూ కలిసి బురదవుతాయి. ఏ వర్క్‌షాపులోనైనా ఈ పద్ధతి అడిగేటప్పుడు ఆయన పేరు కూడా చెప్పండి, మాట వెతుక్కునే పని తగ్గుతుంది.

పదో అడుగు: చేతిలో ఉంచుకోవలసిన వాక్యాలు

పన్నెండు క్రియలు వరుసగా చెప్పగలిగితే రేకు కథ మొత్తం నోటికొచ్చినట్టే: కొర్తార్, బిసెలార్, పులీర్, దెసెంగ్రసార్, బర్నిసార్, దిబుహార్, మొర్దేర్, లబార్, ఎంతింతార్, లింప్యార్, ఎస్తంపార్, సెకార్. కోయి, వాలు తీయి, నున్నచేయి, జిడ్డు తీయి, పూయి, గీయి, కరిపించు, కడుగు, సిరా పట్టించు, తుడువు, అచ్చు తీయి, ఆరబెట్టు. కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించుకోండి.

ఇక అడగవలసినవి:

- "క్వాంతొ త్యేంపొ దె మొర్దీద?" ఎంతసేపు యాసిడ్‌లో ఉంచాలి?
- "కే మొర్ద్యేంతె ఆయ్ ఎన్ ఎస్త కుబేత?" ఈ తొట్టిలో ఏ ద్రావణం ఉంది?
- "ఎస్ పార సింక్ ఒ పార కోబ్రె?" జింకుకా, రాగికా?
- "పుయేదొ బహార్ ల ప్రెస్యోన్?" ప్రెస్ ఒత్తిడి తగ్గించవచ్చా?

మెక్సికోలో వర్క్‌షాపు పెద్దను "మాయేస్త్రొ", "మాయేస్త్ర" అని, "ఉస్తేద్" (మీరు) అని పిలవడం మర్యాద. స్పెయిన్‌లో చాలాచోట్ల మొదటి గంటలోనే "తూ" (నువ్వు) లోకి దిగుతారు. అవతలివాళ్లు మార్చేదాకా మీరు "ఉస్తేద్"తోనే ఉండండి. రెండో, మూడో ప్రశ్నలు మాత్రం ఎవరితోనైనా, ఏ మర్యాదతోనైనా, రేకు తొట్టిలో వేయకముందే అడగాలి.